బొద్దు అనకూడని మాట

“ఒక్క షరతు మీద వదులుతున్నానమ్మా,” అంది కూతురు, భుజాన సంచీ కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి. “ఇది ఏం మాట్లాడినా సరే, నువ్వు రాయకూడదు. కథలో వద్దు, టీవీలో వద్దు, చిత్తు కాగితం మీద కూడా వద్దు.”

“అయ్యో, రాయనే! నేనేమైనా చిన్నపిల్లనా?” అంది తల్లి.

“చిన్నపిల్లవైతే నమ్మేదాన్ని.”

పిట్ట వాళ్ళిద్దరి మధ్యా నిలబడి ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసింది. పిట్ట అంటే ఆరేళ్ళ మనవరాలు. అసలు పేరు స్కూలు రిజిస్టరుకే పనికొచ్చేది. దాని నాన్నది ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. అమ్మ ఫిజియోథెరపిస్టు. ఆసుపత్రివాళ్ళు పది రోజుల ట్రెయినింగుకని ఆమెను వేరే ఊరు పంపిస్తున్నారు. పిల్లను ఎక్కడ వదలాలో తెలియక, నలుగురిని అడిగి, నలుగురూ కుదరదన్నాకే ఆమె అమ్మ గుమ్మం ఎక్కింది. ఈ ఆరేళ్ళలో పిట్ట అమ్మమ్మ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. వచ్చినా రెండు గంటలే, ఆ రెండు గంటలూ అమ్మ పక్కన కాపలా.

“ఇంకో సంగతి,” అంది కూతురు వెళ్తూ వెళ్తూ. “ఇది స్కూల్లో వాగుడుకాయట. టీచర్ నోరు మూయించలేకపోతోందట. ఇంట్లో మాత్రం అడిగినదానికి ఊఁ, ఆఁ. ఎందుకో నాకు అంతు పట్టట్లేదు. నిన్ను విసిగించదులే.”

షరతు వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. మనవరాలి ముద్దుమాటలు రాసిపెట్టుకోని అమ్మమ్మ ఎవరుంటారు చెప్పండి? కానీ ఈ అమ్మమ్మ సంగతి వేరు. ఈవిడ రాస్తే లక్షమంది వింటారు.

ఆవిడ పిల్లల కథలు రాసే మనిషి. మొదట్లో మూడు పుస్తకాలు రాసింది. వాటిని కొన్నవాళ్ళలో సగం మంది చుట్టాలు, మిగతా సగం మంది మొహమాటస్తులు. రెండో ముద్రణ అనే మాట ఆ ప్రచురణకర్త కల్లో కూడా అని ఉండడు. ఒకరోజు గ్రంథాలయంలో పిల్లలకు కథ చదువుతుంటే, వెనక వరసలో చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచుని ఒక పెద్దమనిషి విన్నాడు. టీవీ మనిషి. చేతికి తొడిగి ఆడించే ఎలుగుపిల్ల బొమ్మ ఒకటి తయారు చేయించాను, దానికి మాటలు కావాలి, ప్రతి శనివారం ఏడు నిమిషాలు, రాస్తారా అన్నాడు. ఆ ఎలుగుపిల్లే బొద్దు.

పుస్తకంలో అయితే అరపేజీ వాన కురిపించొచ్చు. టీవీలో వానంటే స్టూలెక్కి నీళ్ళ డబ్బా వంచే మనిషి. “వాన వద్దండీ, వాన వెలిశాక మొదలెట్టండి,” అని దర్శకుడు కాళ్ళా వేళ్ళా పడేవాడు. ఆవిడ నేర్చుకుంది. కాగితాన్ని నిలువునా మడిచి ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాయడం నేర్చుకుంది. నాలుగో నిమిషం వచ్చేసరికి బొద్దును ఏదో ఒక గోడ వెనక చతికిలబడేలా చెయ్యాలని నేర్చుకుంది. లేకపోతే బొమ్మలాయన చెయ్యి పడిపోతుంది. అలా చతికిలబడిన అర నిమిషంలోనే బొద్దు మనసులో మాట చెప్పేవాడు. పిల్లలు దాన్ని ఎంతో గొప్ప రచన అనుకునేవారు. అది బొమ్మలాయన భుజం నొప్పి.

పందొమ్మిదేళ్ళు రాసింది. తొమ్మిది వందల పైచిలుకు శనివారాలు! బజారుకెళ్తే ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. “బొద్దువాళ్ళమ్మ వచ్చారు” అనేవారు.

తొమ్మిది వందల కథలు ఎవరి బుర్రలోనూ ఉండవండీ. ఇంట్లో ఉంటాయి. ఇంట్లో మాటల పుట్టలాంటి కూతురుంది. అది స్కూలు నుంచి రాగానే ఆవిడ పనులన్నీ ఆపి, ఎదురుగా కూచుని, కన్నార్పకుండా వినేది. ఆ వినడం చూసి పిల్ల మురిసిపోయేది. పిచ్చిది, అమ్మ తన కోసం వింటోందనుకునేది. అది పూర్తిగా అబద్ధమూ కాదు, చిక్కంతా అక్కడే ఉంది.

కూతురికి ఎనిమిదేళ్ళప్పుడు నాన్న పోయాడు. జబ్బు చేసి, నెల తిరగకుండానే పోయాడు. ఆయన చివరిసారి విప్పిన చొక్కా గదిలో కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయింది. ఒకరోజు ఆవిడ దాన్ని బట్టల్లో వేయబోతే కూతురు పరుగెత్తుకొచ్చి చేతిలోంచి లాక్కుంది. “ఉతక్కమ్మా. నాన్న ఇంకా కొంచెం అందులోనే ఉన్నాడు,” అంది.

ఇద్దరూ ఆ చొక్కా పట్టుకుని ఏడ్చారు. ఆ ఏడుపులో దొంగతనం లేదు, అది నిజమైన ఏడుపే. మరి మూడు నెలల తర్వాత ఒక శనివారానికి కథ లేకపోతే ఆవిడ ఏం చేసింది? అమ్మాయిని ఎలుగుపిల్ల చేసింది. నాన్నను తాత చేసింది. చొక్కాను మఫ్లరు చేసింది. చావును దూరప్రయాణం చేసింది. అన్నీ మార్చింది, ఆ వాక్యం తప్ప. ఎందుకు మార్చలేదంటే, బాగుంది కాబట్టి! ఇంత తెలివితక్కువ పని రాసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. దొంగతనం చేసిన సైకిలుకు రంగంతా మార్చి, సొంతదారు పేరు చెక్కిన గంట మాత్రం ముద్దొచ్చిందని ఉంచేసుకున్నట్టు.

ఆ ఎపిసోడు చూసి ఊళ్ళకు ఊళ్ళు ఏడ్చాయి. బస్తాలకొద్దీ ఉత్తరాలు వచ్చాయి, బహుమతి కూడా వచ్చింది. సోమవారం నాడు స్కూల్లో టీచర్ ఆ పిల్లను లేపి నిలబెట్టి, “ఈ అమ్మాయివాళ్ళ అమ్మగారే రాశారు, చప్పట్లు కొట్టండి,” అంది. పక్కింటి పిల్ల అదే క్లాసు. కొక్కేనికున్న చొక్కా సంగతి దానికి తెలుసు. మధ్యాహ్నానికల్లా క్లాసు మొత్తానికి తెలిసింది. ఒకడు వచ్చి కూతురి గౌను వాసన చూసి, “ఇందులో ఉన్నాడేంటే మీ నాన్న?” అన్నాడు.

ఇంటికొచ్చి ఆ పిల్ల కుర్చీ ఎక్కి కొక్కెం మీంచి చొక్కా తీసి, బకెట్లో సబ్బు కలిపి, తనే నానబెట్టింది. ఆవిడ వచ్చేసరికి నీళ్ళు నల్లగా ఉన్నాయి.

“నేనన్నీ మార్చాను కదే!” అంది ఆవిడ.

కూతురు చొక్కా పిండి తీగ మీద ఆరేసింది. ఆనాటి నుంచి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె అమ్మతో వాతావరణం గురించి, మందుల గురించి, బస్సుల గురించి చక్కగా మాట్లాడుతుంది. పెళ్ళి చేసుకోబోతున్నానన్న సంగతి కూడా అతను ఎవరో, ఏం చేస్తాడో నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకుంది. అతను ఎందుకు నచ్చాడో చెప్పలేదు.

ఇప్పటి సంగతికొద్దాం. బొద్దు కార్యక్రమం ఎప్పుడో ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ పుస్తకాలకు మళ్ళి ఆరు రాసింది, మూడేళ్ళుగా మాత్రం కలం కదలడం లేదు. అలాంటప్పుడు టీవీవాళ్ళు బొద్దును మళ్ళీ లేపుతామన్నారు, మొదటి ఎపిసోడు మీరే రాయాలన్నారు. ఆవిడ గంపెడాశతో నాలుగు రాసి పంపింది. నాలుగూ తిరిగొచ్చాయి. “బాగుంది మేడమ్, కానీ...” అనేది ప్రొడ్యూసరు. కూతురి వయసే ఉంటుంది ఆ అమ్మాయికి. ‘కానీ’ తర్వాత ఏముందో ఆవిడకు చెప్పకుండానే తెలుసు. ఆ కథల్లో పిల్ల లేదు. ఉన్నదల్లా పిల్లలా మాట్లాడుతున్న ముసలమ్మ.

సరిగ్గా అప్పుడు దిగింది పిట్ట.

మొదటి రెండు రోజులూ ఊఁ, ఆఁ తప్ప ఇంకో మాట లేదు. ఆవిడ కూడా కదిలించలేదు. మాట ఇచ్చిన మనిషి కదా, ఆ రెండు రోజులూ అగ్నిపరీక్షలో నెగ్గినట్టే అనుకుంది. మూడో రోజు పొద్దున ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తున్నారు. పిట్ట ఉన్నట్టుండి అడిగింది.

“అమ్మమ్మా, నీ గొంతు రోజుకి ఎంతుంటుంది?”

“అంటే?”

“అమ్మకి మంచి గొంతు రోజుకి కొంచెమే ఉంటుంది. అదంతా ఆసుపత్రిలో వాళ్ళకి అయిపోతుంది. ఫోన్లో వాళ్ళకి కూడా. ఇంటికొచ్చేసరికి గరగరలాడే గొంతు మిగులుతుంది.” పిట్ట ఒక కాయ చీల్చి గింజలు లెక్కపెట్టింది. “అందుకే నేను తక్కువ మాట్లాడతాను. నేను అడిగితే అమ్మ చెప్పాలి కదా. అడక్కపోతే మిగులుద్ది.”

“మిగిలిందా మరి?”

“ఇంకా లేదు,” అంది పిట్ట. “అమ్మకి చెప్పకు. చెప్తే దాని గురించి మాట్లాడతది, అది కూడా అయిపోద్ది.”

ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పిల్లను దగ్గరకు లాక్కుని ముద్దు పెట్టుకుంది. అదంతా నిజమే. ఆ పక్కనే, అదే క్షణంలో, లోపలెక్కడో ముసలి చెవులు నిక్కబొడుచుకున్నాయి. అదీ నిజమే.

మధ్యాహ్నం పిట్ట నిద్రపోయింది. ఆవిడ కాగితం నిలువునా మడిచింది. ఊరికే రాసి చూసుకుంటాను, ఎవరికీ చూపించను అనుకుంది. ముప్పావుగంటలో ఏడు నిమిషాల కథ అయిపోయింది. బొద్దువాళ్ళమ్మ రైల్వే స్టేషన్లో మైకు ముందు కూచుని రైళ్ళ వేళలు చెప్పే ఎలుగు. బొద్దు ఇంట్లో మూగనోము పడతాడు. నాలుగో నిమిషంలో గోడ వెనక చతికిలబడి, మంచి గొంతు రోజుకి కొంచెమే ఉంటుందని చెప్తాడు. రాసినంతసేపూ ఆవిడకు ఒళ్ళు తెలియలేదు. మూడేళ్ళ తర్వాత కలం దానంతటది పరుగెత్తింది. ఎంత సంతోషమో! పాపిష్టి సంతోషం, కానీ సంతోషమే.

సాయంత్రం దాన్ని మళ్ళీ చదువుకుంది. అన్నీ మార్చాను కదా అనుకుంది. పిల్లకు ఆరేళ్ళు, దానికేం గుర్తుంటుంది అనుకుంది. వాళ్ళమ్మకు ఈ మాట అసలు తెలియనే తెలియదు కదా, తెలియనిదాన్ని ఎలా గుర్తుపడుతుంది అనుకుంది. చూశారా వరస? పంపేసింది.

పది నిమిషాల్లో ప్రొడ్యూసరు ఫోను. “మేడమ్, నేను ఏడుస్తున్నాను,” అంది. నిజంగానే ముక్కు ఎగబీల్చింది. “మా పాప గుర్తొచ్చింది. ఇదే మన మొదటి ఎపిసోడు. సోమవారం అందరం కూచుని చదువుకుందాం, మీరు రావాలి.”

సోమవారం అంటే పిట్ట వచ్చిన ఎనిమిదో రోజు. పిల్లను వదలడానికి చోటు లేదు, వెంటబెట్టుకుని వెళ్ళింది. స్టూడియోలో బొద్దువాళ్ళ ఇంటి గోడ, రంగు వేసిన చెక్క, వెనకంతా మేకులు. బొమ్మలాయన ముసలాయన అయిపోయాడు, భుజం ఇంకా పాడైంది. అయినా పిట్టను చూడగానే బొద్దును తొడుక్కుని, “ఎవరమ్మా ఇది, నా బిస్కెట్లు తినేసిన మొహంలా ఉందే!” అన్నాడు. పిట్ట పకపకా నవ్వింది. వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. వెళ్ళి బొమ్మలాయన పక్కనే కూచుని బొద్దు చెయ్యి పట్టుకుంది.

చదవడం మొదలుపెట్టారు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆవిడ కాగితం చూడలేదు, పిల్ల మొహం చూసింది. ఎక్కడ నవ్వుతుందో, ఎక్కడ కాళ్ళు ఊపడం ఆపుతుందో. రైళ్ళ దగ్గర పిట్ట నవ్వింది. నాలుగో నిమిషం వచ్చింది. బొద్దు గోడ వెనక చతికిలబడి, బొంగురు గొంతుతో అన్నాడు: “అమ్మకి మంచి గొంతు రోజుకి కొంచెమే ఉంటుంది...”

పిట్ట బొద్దు చెయ్యి వదిలేసింది.

ఏడవలేదు. ఆవిడ వైపు తిరిగి, అందరూ వింటుండగానే, “అది నేను నీకు చెప్పాను,” అంది. “టీవీకి చెప్పలేదు. అమ్మ టీవీ చూస్తది.”

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆ తరగతి గదిలో కూతురి మొహం ఎలా ఉండిందో ఆవిడ చూడలేదు. ఎన్నోసార్లు ఊహించుకుంది, ఊహ కాబట్టి ప్రతిసారీ తనకు భరించగలిగినంతే ఊహించుకుంది. ఇప్పుడు మూడడుగుల దూరంలో చూసింది.

“ఇది వెయ్యొద్దు,” అంది ఆవిడ.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ప్రొడ్యూసరుకు ముందుగా అర్థమైంది. “పాప మాటలా?” అని మెల్లగా అడిగి, కుర్చీ దగ్గరగా జరిపింది. “మేడమ్, చిన్న పాప, రెండు రోజుల్లో మర్చిపోతుంది. పోనీ, ఆ ఒక్క వాక్యం మార్చేద్దాం. మిగతాది ఉంచుదాం.”

ఆవిడ ఒప్పుకోబోయిందండీ. అబద్ధమెందుకు, నోటి దాకా వచ్చింది. ఇంకో మంచి వాక్యం కోసం మనసు అప్పుడే వెతకడం కూడా మొదలుపెట్టింది. పిట్ట తనవైపే చూస్తోంది.

“వాక్యం తీసేస్తే మిగిలేదేమీ లేదమ్మా. అంతా దానిదే.”

“మరి గురువారం షూటింగుకి ఇంకోటి ఇవ్వగలరా?”

“ఇవ్వలేను.”

“అయితే వేరేవాళ్ళతో రాయించుకోవాలి మేము. మొదటి ఎపిసోడు ఎవరు రాస్తే మిగతావి కూడా వాళ్ళే...” ఆ అమ్మాయికీ బాధగానే ఉంది పాపం. “ఇంత మంచిది రాసి, ఇలా...”

“రాయించుకోండి,” అంది ఆవిడ. లేచి బల్ల చుట్టూ తిరిగి, పరీక్షలో పేపర్లు ఏరుకునే టీచర్లా ఒక్కొక్కరి దగ్గరా కాగితాలు తీసుకుంది. బొమ్మలాయన తనది మడిచి తనే చేతిలో పెట్టాడు. పందొమ్మిదేళ్ళు తను మాటలు రాసిన బొద్దు వైపు ఆవిడ తల తిప్పి కూడా చూడలేదు. చూస్తే కాళ్ళు కదలవని తెలుసు.

బస్సులో పిట్ట కిటికీ పక్కన కూచుంది.

“కోపం వచ్చిందా?”

“ఊఁ.”

“తప్పు నాదే. నువ్వు నాకు చెప్పిన మాట నేను తీసుకుపోయి పదిమందికి ఇచ్చాను. ఇవ్వకూడదు.”

“ఊఁ.”

“ఇంకెవరికీ చెప్పను.”

పిట్ట ఈసారి ఊఁ కూడా అనలేదు. మిగిలిన రెండు రోజులూ బుద్ధిగా తిని, బుద్ధిగా పడుకుని, మాటలు మాత్రం దాచుకుంది. ఎంత న్యాయం!

పదో రోజు మధ్యాహ్నం కూతురు టాక్సీలో వచ్చింది. బండి ఆపే ఉంచమని డ్రైవరుకు చెప్పి లోపలికొచ్చింది. పిట్ట పక్కగదిలో తన బొమ్మలు సర్దుకుంటోంది.

“ఏమైనా ఇబ్బంది పెట్టిందా?”

ఏమీ లేదంటే సరిపోయేది. కాగితాలు ఆవిడే చించేసింది, సంగతి తెలిసిన టీవీవాళ్ళు వచ్చి చెప్పరు. ఆవిడ కుర్చీ పట్టుకుని నిలబడింది.

“రాశానే.”

కూతురు అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. “పది రోజులు,” అంది. “పది రోజులు ఆగలేకపోయావా?”

“రెండు రోజులే ఆగాను. రాసి పంపించాను కూడా. వాళ్ళు చదువుతుంటే ఇది విన్నది. అప్పుడు వెనక్కి తీసేసుకున్నాను. వెయ్యరు. నన్ను మానిపించారు, మంచిదే అయింది. నువ్వు ఇక దీన్ని నా దగ్గరకు పంపకపోయినా నేనేమీ అనను. నీకు తెలియాలని చెప్తున్నా.”

బయట టాక్సీ హారన్ కొట్టింది.

“ఏమంది అది?” అంది కూతురు. “నాతో ఆర్నెల్లుగా నోరు విప్పని పిల్ల నీతో ఏమంది?”

“చెప్పను.”

“అదేంటి?”

“నీకు చెప్పొద్దంది.”

“నేను దాని అమ్మనమ్మా!”

“నేనూ నీ అమ్మనే,” అంది ఆవిడ. “అమ్మను కదా, నీ మాటలన్నీ నావే అనుకున్నాను. ఆ చొక్కా మాట నీదే. నేను నిన్ను అడగాల్సింది. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. అది చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది నాకు, సిగ్గులేనిదాన్ని.”

కూతురు గోడకు ఆనుకుంది.

“దాన్ని నువ్వే అడుగు,” అంది ఆవిడ. “టాక్సీలో కాదు. కింద కూచుని, తీరిగ్గా అడుగు. చెప్తే అదే చెప్తుంది. చెప్పకపోతే ఇంకోరోజు అడుగు.”

కూతురు పక్కగదిలోకి వెళ్ళింది. తలుపు పూర్తిగా పడలేదు, జానెడు సందుంది. కాసేపటికి కూతురి గొంతు మెల్లగా ఏదో అడగడం, ఆ తర్వాత పిట్ట గొంతు సన్నగా మొదలవడం వినిపించాయి. ఆవిడ జీవితమంతా అలాంటి తలుపుల పక్కనే గడిచింది. ఆ జానెడు సందులోంచి వచ్చేదాంట్లో ఇంకో పందొమ్మిదేళ్ళకు సరిపడా కథలు ఉండి ఉండొచ్చు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఇంకేమీ వినపడలేదు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆవిడకు తెలియదు, నాకూ తెలియదు.

ఎంతసేపైందో, పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి కుళాయి కట్టేసింది. కూతురి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చంకలో పిట్ట ఉంది.

“టాక్సీని పంపించేశానమ్మా,” అంది. “ఆకలేస్తోంది. తినడానికేముంది?”

ఆవిడ రెండు పళ్ళేలు తీయబోయి మూడు తీసింది.